మొసలికి పళ్లు ఉంచవలెనని మనవి

పుయెర్తో అల్మాగ్రో పట్టణము, స్థానిక విద్యా కార్యాలయము, అధికారి దోన్ ఎవరిస్తో లొసానో గారి సముఖమునకు,

యానయాకు ఏటి ఒడ్డున శాన్ హసింతో గ్రామములో కాపురముండు అవెలినో మురయారి యవర్కాని, వృత్తి చేపలు పట్టుట, అప్పుడప్పుడు పడవలకు పేర్లు రాయుట, చేసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: మా ఊరి చిన్నపిల్లల బడి నుండి తమ ఇన్‌స్పెక్టరు గారు పరిశీలన నిమిత్తము తీసుకొనిపోయిన, మేము చేతితో తయారు చేసుకొన్న అడవి జంతువుల బొమ్మల పుస్తకము ఒకటి, మొసలి పళ్లతో సహా తిరిగి ఇప్పించుట గురించి.

1. ఇదివరకు ఇదే సంగతి మీద అర్జీలు ఇచ్చుకొనియున్నాను. ఒకదానికి విషయం రాయలేదని, ఇంకొకదానిలో విషయాలు ఎక్కువైనవని తమ తపాలు బల్ల దగ్గర కూర్చునే రోల్దాన్ గారు తిప్పి ఇచ్చినారు. అందుచేత ఈసారి విషయం ఒక్కటే ఉంచినాను. ఆ ఒక్కటి తమకు అర్థం కావాలంటే కొంచెం వెనక నుంచి చెప్పుకు రాక తప్పదు. తమరు ఓపిక పట్టవలెను. నాకు ఓపిక పట్టే వీలు లేదు, మా ఇంటి కింద నీళ్లు పెరుగుతున్నాయి.

2. పోయిన ఎండాకాలం, ఏరు బాగా దిగి ఉన్నప్పుడు, తమ కార్యాలయం నుంచి మా బడికి ఒక పెట్టె వచ్చింది. నిండా అడవి జంతువుల బొమ్మల పుస్తకాలు. మా టీచరమ్మ నోయెలియా పించి తారపోతో వైపు కొండల నుంచి వచ్చిన పిల్ల. పెట్టె తెరిచిన రోజున పిల్లలకంటే ఆమే ఎక్కువ గంతులేసిందని మా ఆవిడ మెర్సి చెప్పింది. ఆ పుస్తకాలు వచ్చాక పిల్లలు పొద్దున్నే మొహాలు కడుక్కోకుండా బడికి పరుగెత్తేవారు. జిరాఫీ పడవలో ఎలా కూర్చుంటుందని అడిగేవారు. సింహం ఎక్కడుంటుందని అడిగితే మా ఊరిపెద్ద గెర్సన్, లిమాలో ఆఫీసుల్లో ఉంటుందని చెప్పాడు. ఆ మాట తమరిని ఉద్దేశించి అన్నది కాదని మనవి.

పుస్తకాలు చెడ్డవని చెప్పడానికి ఈ అర్జీ రాయడం లేదు. మా పిల్లలు వాటిని ఎంత ఇష్టపడ్డారో నేను చూశాను. కానీ అందులో ఒకటి మన నది జంతువుల పుస్తకం. అందులో మొసలి ఆకుపచ్చగా, గడ్డి టోపీ పెట్టుకుని, నవ్వుతూ ఉంటుంది. ఒక పిట్ట దానికి బ్రష్షుతో పళ్లు తోముతూ ఉంటుంది. దాని వీపు మీద పిల్లలు వరసగా కూర్చుని ఊరేగుతుంటారు. మా అమ్మాయి సుల్మికి అయిదో ఏడు నడుస్తోంది. మిగతా పిల్లలు జిరాఫీ కోసం కొట్టుకుంటుంటే ఇది మాత్రం మొసలి పేజీ వదిలేది కాదు. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే మాట. మొసలికి ఒక్క పిట్టే తోముతోంది, అన్ని పళ్లు ఒక్క పిట్ట ఎలా తోముతుంది పాపం, అని.

3. ఒక మధ్యాహ్నం మా అమ్మ రొసావురా రేవులో తెప్ప మీద కూర్చుని చేపలు కోస్తోంది. పేగులు నీళ్లలో పడేస్తోంది, అందరూ చేసేదే. నేను గట్టు మీద వల బాగు చేసుకుంటున్నాను. సుల్మి తన పాత పళ్ల బ్రష్షు పట్టుకుని మెట్లు దిగి వెళ్లడం నేను చూశాను. మొహం కడుక్కోవడానికి వెళ్తోందనుకున్నాను.

అది మొసలిని వెతుక్కుంటూ వెళ్లింది. తెప్ప అంచున గొంతుక్కూర్చుని నీళ్లలోకి చూసింది. టోపీ ఎక్కడా కనబడలేదు. తెప్పకు ఆనుకుని ఒక దుంగ ఉంది. ఇంకా ముందుకు వంగి చూద్దామని ఆ దుంగ మీద చెయ్యి వెయ్యబోయింది. మా అమ్మ తల తిప్పి చూసింది. ఆమె ఆ దుంగను చూసింది, దుంగకున్న కళ్లనూ చూసింది. కుడిచేత్తో పిల్లను వెనక్కి తోసేసింది. అలా తోసేటప్పుడు ఎడమచెయ్యి నీళ్ల వైపు ఉండిపోయింది.

మా అమ్మ అరవలేదు. అరిచింది సుల్మి. నేనూ గెర్సనూ తెడ్లు పట్టుకుని దిగి కొట్టాం. ఎంతసేపు కొట్టామో తెలియదు. అది వదిలాక మోటారు పడవలో ఆమెను మీ పట్టణానికే తెచ్చాం. డాక్టరు బతికించాడు. మోచేతి కింద నుంచి చెయ్యి తీసేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో సుల్మి నా ఒళ్లో కూర్చుంది. ఊరి ఇళ్ల కింది గుంజలు కనబడ్డాక అంది:

"దానికి టోపీ లేదు నాన్నా. టోపీ లేకపోతే నాకెట్టా తెలుస్తుంది?"

అయ్యా, దీనికి జవాబు తమ దగ్గర ఉంటే సెలవియ్యవలెను.

4. ఊరంతా బడిలో కూడింది. పుస్తకాలన్నీ ఏట్లో పడేద్దామని గెర్సన్ అన్నాడు. టీచరమ్మను పంపించెయ్యాలని కొందరు అన్నారు. ఆ పిల్ల గోడకానుకుని నిలబడి చేతులతో కళ్లు తుడుచుకుంటోంది. తర్జనభర్జనలు జరిగి చివరికి పెట్టెతో సహా పుస్తకాలన్నీ తమ కార్యాలయానికి తిప్పి పంపడమైనది. మొసలితో పాటు జిరాఫీ కూడా వెళ్లిపోయింది. దాని కోసం పిల్లలు చాలా రోజులు ఏడ్చారు.

సుల్మి ఏడవలేదు. అది నీళ్ల దగ్గరికి వెళ్లడం మానేసింది. బకెట్టులో నీళ్లు పట్టి ఇస్తే, లోపలికి తొంగి చూసి, కర్రతో కలిపి చూసి, అప్పుడు ఒళ్లు తడుపుకునేది. పడవ ఎక్కించబోతే గుంజను కావలించుకుని వదిలేది కాదు. టీచరమ్మ ఇంటికొచ్చి కాగితం మీద పిట్టను గీసి చూపిస్తే మొహం తిప్పుకుని, బొమ్మలు అబద్ధాలు చెప్తాయంది. టీచరమ్మ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

తమరు పట్టణంలో ఉంటారు గనుక ఒక సంగతి మనవి చేయాలి. మాకు సగం ఏడాది నేల ఉండదు. ఇళ్ల కింద నీళ్లు, బడి కింద నీళ్లు, పక్కింటికి నిప్పుకి వెళ్లాలన్నా పడవే. నీళ్లంటే భయపడే పిల్ల మా ఊళ్లో ఆ సగం ఏడాదీ ఒక్క గదిలో కూర్చోవాలి. బడి లేదు, ఆట లేదు. పోనీ భయం లేకుండా చేద్దామంటే, భయం లేనందుకే కదా ఇదంతా జరిగింది. మేం ఏం చెయ్యాలో తెలియక మెర్సీ నేనూ ఒకరినొకరు తిట్టుకునేవాళ్లం.

5. మా అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చింది. పచ్చి అరటికాయను మోకాళ్ల మధ్య బిగించి ఒంటిచేత్తో తొక్క తీయడం నేర్చుకుంది. జుట్టు మాత్రం ముడి వేసుకోలేక మెర్సిని పిలిచేది. పుస్తకాలు ఏమయ్యాయని అడిగింది. తిప్పి పంపేశామని చెప్పాను. ఆమెకు చాలా కోపం వచ్చింది. నేను సంతోషిస్తుందనుకున్నాను.

"పిల్లకి మొసలి గురించి చెప్పాల్సింది నేను. నేను చెప్పలేదు, పుస్తకం చెప్పింది. అది దానికి తెలిసినట్టు చెప్పింది. ఇప్పుడు నేను చెప్తా, నువ్వు బొమ్మ వెయ్యి. పడవల మీద పూలు వేస్తావుగా, మొసలిని వెయ్యలేవా?"

వెయ్యలేకపోయాను. మొదట వేసిన దాన్ని చూసి మా అమ్మ, చెయ్యి పోయాక మొదటిసారి నవ్వింది. "ఇది దుంగరా," అంది. నేను చింపబోతే ఆపింది. అదే మొదటి పేజీ అంది.

అలా మొదలైంది, అయ్యా. నూడుల్స్ పెట్టెల అట్టలు కోసి పేజీలు చేశాం. ఉయితో అనే అడవి కాయ నలుపు, జాఫరా గింజల ఎరుపు, నా పడవ రంగుల్లో మిగిలిన నీలం. టీచరమ్మ అక్షరాలు రాసింది. గేలపు తాడుతో కుట్టాం. మొదటి పేజీలో ఏరు, ఒక దుంగ, ఇంకేమీ లేదు. కింద 'ఇది దుంగా?' అని ఉంటుంది. పేజీ తిప్పితే నోరు తెరిచిన మొసలి, పేజీ నిండా పళ్లు. ఆ తర్వాతి పేజీలో ఇసుక, తిప్పితే ఇసుకలో దాక్కున్న ముల్లుతోక చేప. ఇంకో పేజీలో ఆకులు, తిప్పితే అడవిపులి. నీటి ఆవు కూడా ఉంది, అది ఎవర్నీ ఏమీ చెయ్యదు, దాన్ని మనమే ఏమీ చెయ్యకూడదని మా అమ్మ రాయించింది. ప్రతి జంతువు కిందా అది ఏం తింటుందో, పిల్లల్ని ఎలా మోస్తుందో, దాన్ని చూస్తే మనం ఎక్కడ నిలబడాలో రాశాం. మొసలి తన పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీళ్లకు తీసుకెళ్తుందని కూడా రాయించింది. దానికి చెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆ మాట చెప్తుంటే టీచరమ్మ కలం ఆపేసి ఆమె మొహంలోకి చూసింది.

సుల్మి మొదట తలుపు దగ్గర నిలబడి వినేది. తర్వాత లోపలికొచ్చి నానమ్మ పక్కన కూర్చుంది. ఒకరోజు నా చేతిలో కుంచె లాక్కుని, నోరు ఇంత కాదు, ఇంకా పెద్దది, అని చెంపల దాకా చీల్చింది. దాని వేలు రంగులో మునిగింది. ఆ వేలి ముద్ర మొసలి కంటి పక్కన అలాగే ఉండిపోయింది. తమరు పరిశీలిస్తే కనబడుతుంది.

పుస్తకం పూర్తయ్యాక సుల్మి దాన్ని చంకలో పెట్టుకుని గట్టు మీద కూర్చునేది. మొదటి పేజీ తెరిచి నీళ్ల వంక చూసేది, మళ్లీ పేజీ వంక చూసేది. కొన్నాళ్లకు మెట్లు దిగింది. నానమ్మ చెయ్యి పట్టుకుని పాదాలు తడుపుకుంది. బడికి మళ్లీ వెళ్లింది. పుస్తకం కూడా బడికి వెళ్లింది, ఎందుకంటే మిగతా పిల్లలు ఊరుకోలేదు.

6. అప్పుడు తమ ఇన్‌స్పెక్టరు దోన్యా బెత్సాబె గారు తనిఖీకి విచ్చేసినారు. ఆమె మర్యాదస్తురాలు. మా ఇంట్లో కాల్చిన చేప, కర్రపెండలం పిండి తిన్నారు, బాగుందన్నారు. బడిలో మా పుస్తకం చూసి, దీనికి అనుమతి ఉందా అని అడిగారు. పుస్తకానికి అనుమతి కావాలని మాకు తెలియదని టీచరమ్మ చెప్పింది. ఆమె పేజీలు తిప్పారు. మొసలి దగ్గరికి వచ్చేసరికి పుస్తకాన్ని కొంచెం దూరంగా పట్టుకున్నారు.

"ఇది చూస్తే పిల్లలు భయపడరా?"

మా అమ్మ అక్కడే ఉంది. "కొంచెం భయపడాలి తల్లీ," అంది. "కొంచెమే. మిగతాదంతా మేం చూసుకుంటాం."

ఇన్‌స్పెక్టరు గారు మా అమ్మ చేతిని చూసి, వెంటనే కిటికీ వైపు చూశారు. నిబంధనలు తాను రాసినవి కావని మెల్లగా అన్నారు. పుస్తకం సంచిలో పెట్టుకున్నారు. తర్వాత తమ కార్యాలయం నుంచి మాకు చేరిన ఆదేశంలోని మాటలు ఇవి:

మొసలి పళ్లు తగ్గించవలెను. మొదటి పేజీలో జంతువు కనబడుట లేదు గనుక కనబడునట్లు చేయవలెను. జంతువుల ముఖములందు స్నేహభావము ఉండవలెను. చివరి పేజీలో మనుమరాలి చేయి పట్టుకొనియున్న వృద్ధురాలికి ఒక చేయి లోపించినది. రెండవ చేయి వేయవలెను.

అయ్యా, ఈ చివరి ఆదేశం మెర్సి చదువుతుంటే నేను విన్నాను. రెండవ చేయి వేయడం నాకు చేతనైతే పుస్తకంలో ఎందుకు వేస్తాను? ఇంట్లోనే వేసేవాణ్ణి.

క్షమించవలెను. అర్జీలో ఇలా రాయకూడదని రోల్దాన్ గారు చెప్పియున్నారు.

7. వానలు మొదలైనాయి. ఏరు గట్టు దాటింది. బడికి ఇప్పుడు పడవలోనే వెళ్లాలి. పుస్తకం పోయినప్పటి నుంచి సుల్మి మళ్లీ గుంజ దగ్గరే కూర్చుంటోంది. దానికి కొత్తది వేసిస్తానన్నాను. మళ్లీ వాళ్లొచ్చి పట్టుకుపోతారు, పళ్లు పీకేస్తారు, అంది. నేను పట్టణానికి వచ్చినప్పుడల్లా తమరు సమావేశంలో ఉన్నారని, ఊరేగింపుకు వెళ్లారని, ఫైలు కదులుతోందని చెప్తున్నారు. ఫైలు కదులుతోందో లేదో నాకు తెలియదు, ఏరు మాత్రం రోజూ కదులుతోంది. తమ వసారాలోని ఈ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను గానీ నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. ఇప్పటికే రెండుసార్లు లేచి రేవు దాకా వెళ్లి వచ్చాను.

కావున తమరు దయయుంచి, సదరు పుస్తకమును ఎటువంటి దిద్దుబాట్లు లేకుండా మా బడికి తిరిగి ఇప్పించవలెనని, ఇటువంటివి పిల్లల కోసం మరికొన్ని తయారు చేసుకొనుటకు మాకును, మావంటి ఊళ్లకును అనుమతి దయచేయవలెనని, జిరాఫీ పుస్తకమును కూడా వీలైతే పంపించవలెనని కోరుచున్నాను. ఒక చిన్నపిల్ల గడప దిగుట ఈ కాగితము మీద ఆధారపడియున్న సంగతి చిత్తమునకు తెచ్చుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అవెలినో మురయారి యవర్కాని
శాన్ హసింతో

తాజా కలం:

అయ్యా, పై సంతకం నిన్న తమ కార్యాలయం వసారాలో పెట్టినది. అర్జీని బల్ల మీద ఇవ్వబోతే రోల్దాన్ గారు తీసుకోలేదు. అటూ ఇటూ చూసి, మీ పుస్తకం ఇక్కడి బీరువాలో లేదు దోన్ అవెలినో, ఇన్‌స్పెక్టరు గారింట్లో ఉంది, మీరు వెళ్లి అడగండి అన్నారు. ఆయన మీద కోపగించవద్దని మనవి.

ఇన్‌స్పెక్టరు గారి ఇల్లు బజారు వెనక ఉంది. వెళ్లేటప్పుడు దారి పొడుగునా ఏమేం అనాలో కూడబలుక్కున్నాను. అందులో మర్యాదైన మాట ఒక్కటీ లేదు. తలుపు తీసే ఉంది. లోపల నేల మీద ఒక పిల్లవాడు, ఆమె మనవడట, మా పుస్తకం తెరుచుకుని పడుకుని ఉన్నాడు. పేజీ తిప్పి కేకవేసి వెనక్కి దొర్లుతున్నాడు, మళ్లీ పాక్కుంటూ వచ్చి తిప్పుతున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. నేను కూడబలుక్కున్నవన్నీ మరిచిపోయాను.

"ఒక్క రోజు చూసి పంపించేద్దామని తెచ్చాను," అన్నారామె. "వీడు ఇవ్వట్లేదు. ఇది ఒళ్లో లేకపోతే అన్నం తినట్లేదు."

మా అమ్మాయికి కూడా అంతేనని చెప్పాను.

ఆమె పిల్లవాడి దగ్గర కూర్చుని, ఈ పుస్తకం ఒక పాపదని, ఆ పాప దీని కోసం ఎదురుచూస్తోందని బుజ్జగించి చెప్పారు. వాడు ఏడుస్తుంటేనే చేతుల్లోంచి తీసి నాకిచ్చారు. రాతపూర్వకంగా ఇవ్వలేనని, అనుమతి సంగతి తమరే నిర్ణయించాలని అన్నారు. జరిగింది దాచవద్దు, అర్జీలో రాయండి, అడిగితే నేనూ ఇదే చెప్తానని అన్నారు. అందుకే రాస్తున్నాను. ఆమెపై ఎటువంటి చర్య తీసుకోవద్దని వేడుకొనుచున్నాను. వాడి కోసం కూడా ఒకటి వేసి పంపుతానని మాటిచ్చి వచ్చాను. అట్టలు ఏరడం మొదలుపెట్టాను.

కావున పైన ఒక కోరిక తీరిపోయినది. మిగిలినవి అలాగే ఉన్నవి. మా బడిలో పిల్లలు చాలామంది, పుస్తకం ఒక్కటే.

ఇవాళ పొద్దున సుల్మి మెట్టు మీద కూర్చుని పుస్తకమంతా చూసింది. ఒక్కో పన్నునూ వేలితో తడిమింది, ఎవరూ పీకలేదని నమ్మకం కలిగే దాకా. తర్వాత లేచింది. మా అమ్మ పడవలో కూర్చుని, ఉన్న ఒక్క చేత్తోనే గుంజను పట్టుకుని పడవ కదలకుండా ఆపింది. నేను ఎత్తి దించుతానంటే సుల్మి వద్దంది. తనే దిగింది. అడుగు పెట్టేముందు నీళ్లలోకి, పడవ కింద, రెండు వైపులా, బాగా చూసింది. తెడ్డు టీచరమ్మ వేసింది. మలుపు తిరిగే దాకా సుల్మి వెనక్కి చూడనే లేదు.

ఈ అర్జీ పట్టుకెళ్లే పడవవాడు రేవులో కేకలేస్తున్నాడు. నేను కూర్చుని రాయలేకపోతున్నాను, గుమ్మంలో నిలబడి తలుపు మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అందుకే గీతలు ఇలా వంకరగా ఉన్నాయి. పిల్లకు భయం పోవాలని ఇన్నాళ్లూ మీ ఆఫీసు చుట్టూ తిరిగాను. అది బడికి వెళ్లింది. ఆ భయం ఇప్పుడు నాకు పట్టుకుంది. ఏమీ కాదని తెలుసు. మెర్సి కూడా, బడి వదలడానికి ఇంకా చాలా టైముంది, వచ్చి కూర్చో, అంటోంది. వెళ్లి కూర్చుంటాను. ఇంకొక్కసారి మలుపు దాకా చూసి.